రెండో ప్రతి ఎక్కడుంది?

2021 నవంబరు మూడో వారంలో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగింది. ఆ నీళ్లూ, పైనుంచి వచ్చిన వరదా కలిసి పెన్నలో పడి, సోమశిల జలాశయం గేట్లు దాటాయి. నెల్లూరు అవతల పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. పదహారో నెంబరు జాతీయ రహదారి తెగి లారీలు కిలోమీటర్ల పొడవునా ఆగిపోయాయి. కావలిలో ఉన్న ఒక హార్డ్‌డిస్కును నెల్లూరు చేర్చాలన్నా ఆ రోజుల్లో మామూలు దారి లేదు.

ఆ వారంలోనే జిల్లాలో ఏ ఆఫీసులోనైనా స్టోరేజీ సర్వర్ పాడైతే ఏం జరిగేది? తుపాను సమీక్షల గురించి పత్రికల్లో వచ్చే వార్తలు చూడండి. పడవలెన్ని, జనరేటర్లెన్ని, బియ్యం ఎన్ని టన్నులు, గజ ఈతగాళ్లు ఎందరు అనే లెక్కలుంటాయి. ఉండాల్సినవే. భూమి అడంగల్, రిజిస్టరైన దస్తావేజు, ఆసుపత్రి కేసు షీటు, పింఛను జాబితా ఇప్పుడు ఏ డబ్బాలో ఉన్నాయి, ఆ డబ్బా తడిస్తే రెండో ప్రతి ఎక్కడుంది అన్న లెక్క మాత్రం కనబడదు. కాగితం రోజుల్లో రికార్డు గది కప్పు కారుతోందని గుమాస్తా పై అధికారికి రాసేవాడు. సర్వర్ కారడం ఎవరికీ కనిపించదు.

సర్వర్ పడిపోవడమంటే ఏమిటో మొదట చూడాలి. స్టోరేజీ సర్వర్‌లో నాలుగో ఎనిమిదో పన్నెండో హార్డ్‌డిస్కులు పక్కపక్కన ఉంటాయి. వాటిని రైడ్ అనే పద్ధతిలో జోడిస్తారు. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1980ల చివర్లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఒక డిస్కు పోయినా, మిగిలిన వాటిలో ఉన్న లెక్కను బట్టి పోయిన దాన్ని తిరిగి కట్టుకోవచ్చు. రైడ్ 5 ఒక డిస్కు నష్టాన్ని, రైడ్ 6 రెండు డిస్కుల నష్టాన్ని తట్టుకుంటాయి. అమ్మేవాళ్లు ఇంతవరకే చెబుతారు. కొనేవాళ్లు ఇదే బ్యాకప్ అనుకుంటారు. రెండు వలలున్నాయి గదా అని రెండూ ఒకే పడవలో వేసుకుని వేటకు వెళ్లడం లాంటిదే ఇది. రైడ్ ఒకటి రెండు డిస్కుల చావును కాస్తుందంతే. నిప్పు, నీరు, పిడుగు, దొంగ, పొరపాటున కొట్టిన డిలీట్, డేటాకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ వస్తే డబ్బా డబ్బా అంతా పోతుంది.

ఒక డిస్కు పోయినప్పుడు కూడా గండం గడిచినట్టు కాదు. కొత్త డిస్కు పెట్టి రీబిల్డ్ మొదలుపెడితే మిగిలిన డిస్కులన్నింటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. పెద్ద డిస్కులైతే దీనికి ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ డిస్కులన్నీ సాధారణంగా ఒకే రోజు కొన్నవి, ఒకే వేడిలో ఒకే ధూళిలో ఒకే వయసుకు వచ్చినవి. ఒకటి పోయిందంటే రెండోదీ అదే దారిలో ఉండవచ్చు. చవక రకం డిస్కులకు తయారీదారులే ఒప్పుకునే లెక్క ఒకటుంది: కోటి కోట్ల బిట్లు చదివితే ఒక్కటి చదవలేకపోవచ్చు. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది గానీ, అది పన్నెండున్నర టెరాబైట్లే. ఇవాళ బజారులో దొరికే ఒక్క డిస్కు పరిమాణమే అంతకంటే ఎక్కువ.

కోస్తాలో దీనికి తోడయ్యేవి ఇంకొన్ని ఉన్నాయి. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు ఉప్పు గాలి రాగి కాంటాక్టులను తినేస్తుంది. ఆఫీసు మూయగానే ఏసీ కట్టేస్తారు, తెల్లారేసరికి గదిలో చెమ్మ. కరెంటు పోయి వచ్చే క్షణంలో రాత సగంలో ఆగితే, డేటాకూ దాన్ని కాచే లెక్కకూ పొంతన తప్పుతుంది. దీన్ని అడ్డుకోవడానికి డిస్కులను నడిపే కంట్రోలర్ కార్డు మీద చిన్న బ్యాటరీ ఉంటుంది, దాని ఆయుష్షు కొన్నేళ్లే. యూపీఎస్ బ్యాటరీ మార్చాలని అందరికీ గుర్తుంటుంది. లైట్లు ఆరిపోతాయి కాబట్టి. కార్డు మీది బ్యాటరీ ఎవరికీ గుర్తుండదు.

సర్వర్ చెడ్డాక డేటా దక్కడమూ దక్కకపోవడమూ చాలావరకు మొదటి గంటలో తేలిపోతుంది. ఆ గంటలో మన ఆఫీసుల్లో జరిగేది సాంకేతిక వ్యవహారం కంటే ఎక్కువగా అధికార వ్యవహారం. బయట జనం నిలబడి ఉంటారు. పై అధికారి ‘ఎంతసేపట్లో ఎక్కుతుంది’ అని ఫోను మీద ఫోను. సర్వర్ ముందు ఉన్నది ఏజెన్సీ తరఫున పనిచేసే కాంట్రాక్టు కుర్రవాడు. సర్వర్ ఆలస్యంగా లేస్తే తిట్లు తనకి, డేటా పోతే నింద హార్డ్‌డిస్కుకి. ఇంకేం చేస్తాడు? ఆపి మళ్లీ ఆన్ చేస్తాడు, డిస్కులు తీసి మళ్లీ గుచ్చుతాడు, రీబిల్డ్ నొక్కుతాడు, ‘రిపేర్ చేయమంటారా’ అని యంత్రం అడిగితే అవునంటాడు. ఒక్కో మెట్టూ మిగిలి ఉన్న డేటా మీద కొత్త రాతలు రాస్తూ పోతుంది. ఇందులో ఆ కుర్రవాడిది పెద్ద తప్పేమీ లేదని నా అభిప్రాయం. ఆగమని చెప్పే అధికారం అతనికి ఎవరూ ఇవ్వలేదు.

చేయాల్సిన పని దీనికి సరిగ్గా తిరగబడ్డది. మొట్టమొదట కొత్త రాతలు ఆపేయాలి. తెరమీద, లాగ్‌లో కనిపించే దోషాన్ని ఫొటో తీయాలి. ఏ డిస్కు ఏ గూట్లో ఉందో డిస్కు మీదే మార్కర్‌తో నెంబరు వేయాలి, వరుస తారుమారైతే తిరిగి కట్టడం పది రెట్లు కష్టం. తర్వాత ఒక్కో డిస్కుకూ ఆసాంతం నకలు తీయాలి. చేసే ప్రయోగాలన్నీ ఆ నకళ్ల మీదే. అసలు డిస్కులు కవర్లో పెట్టి తాళం వేయాలి. టకటకమని చప్పుడు చేస్తున్న డిస్కుకు మళ్లీ కరెంటు ఇవ్వనే కూడదు.

తడిసిన డిస్కు సంగతి మరీ విచిత్రం. మన చేయి ఊరుకోదు, ఎండలో పెడుతుంది, హెయిర్ డ్రయర్ పడుతుంది, బియ్యం డబ్బాలో పూడుస్తుంది. మామూలు డిస్కుకు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, దాంట్లోంచి నీళ్లు లోపలికి వెళ్తాయి. అవి ఎండితే ఉప్పూ బురదా పళ్లెం మీద పొరకట్టి, చదివే ముల్లు దానికి తగిలి గీరుకుపోతుంది. అందుకే రికవరీ చేసేవాళ్లు డిస్కును ఎండబెట్టకుండా, తడి ఆరకుండా ప్లాస్టిక్ సంచిలో మూసి పంపమంటారు. ఎస్ఎస్‌డీలది ఇంకో బెడద. వాటిలో చెరిపిన ఫైలు తాలూకు గళ్లను యంత్రమే తీరిక వేళ తుడిచేస్తుంది. తప్పు జరిగాక కరెంటు ఉన్నంతసేపూ ఆ తుడిచే పని సాగుతూనే ఉంటుంది.

ముట్టుకోకుండా ఉంచితే ఎంత దక్కుతుందో చెప్పడానికి కొలంబియా డిస్కును మించిన ఉదాహరణ నాకు తెలియదు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములను తీసుకొస్తూ ఆ షటిల్ ఆకాశంలోనే ముక్కలైంది. అందులో ఒక శాస్త్ర ప్రయోగం తాలూకు చిన్న హార్డ్‌డిస్కు, దాదాపు 400 మెగాబైట్లది, నెలల తర్వాత టెక్సస్‌లో ఎండిన చెరువు అడుగున దొరికింది. పైనంతా మాడి కరిగిపోయింది. అమెరికాలోని ఒక రికవరీ సంస్థ అందులోంచి 99 శాతం డేటా బయటికి తీసింది. ఆ ప్రయోగం ఫలితాలు 2008లో భౌతికశాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. ఆ డిస్కు అదృష్టాల్లో ఒకటి, నిపుణుల చేతికి చేరేదాకా దాన్ని ఎవరూ ‘రిపేర్’ చేయకపోవడం.

అలాగని రికవరీ ల్యాబును నమ్ముకుని కూర్చోలేం. రెండో ప్రతి లేనివాడికి మిగిలే ఆఖరి ఆశ అది. ఖర్చెక్కువ, హామీ ఉండదు. సర్వర్ పోయాక డేటాను కాపాడే అసలు పని సర్వర్ పోకముందే జరిగి ఉండాలి. ఈ మాట అందరికీ తెలుసు. తెలిసిన దేశమే ఎలా మునిగిందో చూద్దాం.

2025 సెప్టెంబరు 26 రాత్రి దక్షిణ కొరియాలో దేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో మంటలు లేచాయి. యూపీఎస్ లిథియం బ్యాటరీలను సర్వర్ల దగ్గర్నుంచి సెల్లారుకు తరలిస్తున్నారు, అగ్నిప్రమాదం రాకూడదనే. ఆ పనిలోనే నిప్పంటుకుంది. వందల ప్రభుత్వ సేవలు ఒక్క రాత్రిలో ఆగాయి. చాలావరకు తర్వాత లేచాయి. జీ-డ్రైవ్ లేవలేదు. ప్రభుత్వోద్యోగులు ఫైళ్లు దాచుకునే ఉమ్మడి నిల్వ అది. 858 టెరాబైట్లు, దాదాపు 1,25,000 మంది ఉద్యోగుల పని. దానికి బయట ప్రతి లేదు. ఎందుకు లేదంటే, పరిమాణం మరీ పెద్దది కాబట్టి బ్యాకప్ కుదరలేదన్నారు. ఇంటర్నెట్ వేగంలో ప్రపంచానికి పాఠాలు చెప్పే దేశం అది. అంతకు మూడేళ్ల క్రితమే, 2022 అక్టోబరులో, పాంగ్యోలోని ప్రైవేటు డేటా కేంద్రంలో బ్యాటరీ మంటలతో కకావో సంస్థ మెసేజింగ్ సేవలు స్తంభించిపోతే దేశమంతా గగ్గోలెత్తింది కూడా.

కొరియా కథలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మంట కాదు. కొన్ని శాఖలు తమ ఉద్యోగులకు, సొంత కంప్యూటర్లలో ఏదీ దాచవద్దు, అన్నీ జీ-డ్రైవ్‌లోనే పెట్టండి అని ఆదేశించాయి. భద్రత కోసమే ఆ ఆదేశం. మాట విన్నవాళ్ల ఫైళ్లు పోయాయి, వినని వాళ్లవి మిగిలాయి. అన్నీ ఒకచోటికి చేర్చమనే ఆదేశం ఇచ్చే ప్రభుత్వం, ఆ ఒక్కచోటుకు రెండో చోటు చూపించే బాధ్యత కూడా తీసుకోవాలి. మనమూ రెండున్నర దశాబ్దాలుగా అన్నీ ఒకచోటికి చేరుస్తూనే ఉన్నాం. 1998లో ఉమ్మడి రాష్ట్రం రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కార్డ్ పేరిట కంప్యూటర్లు పెట్టింది, తర్వాత భూమి రికార్డులకు వెబ్‌ల్యాండ్, మీభూమి వచ్చాయి. అంతకుముందు పద్ధతికి ఒక బలముండేది. రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజు నకలు ఆఫీసు పుస్తకంలోకి ఎక్కేది, అసలు కాగితం ఆసామి ఇంటికి వెళ్లేది. ఒకటి సబ్‌రిజిస్ట్రారు బీరువాలో, ఒకటి ఊళ్లో ట్రంకుపెట్టెలో. ఎవరూ దాన్ని బ్యాకప్ అనలేదు గానీ, పని బ్యాకప్పే చేసింది.

నెల్లూరుకు ఈ విషయంలో ఇంకా పాత పాఠముంది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి జిల్లాలోని రాతి, రాగి శాసనాలను ఊరూరా ఎత్తి రాయించి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. ఎండకు వానకు అరిగిన రాతి ముందు నిలబడి చదవలేని వాక్యాన్ని ఇవాళ ఆ సంపుటాల్లో చూసుకోవచ్చు. అంతకు ముందు మెకంజీ సేకరించిన కైఫీయతులనే గ్రామ చరిత్రలు పురుగులు తిని చీకిపోతుంటే సి.పి. బ్రౌన్ కొత్త కాగితం మీద నకళ్లు రాయించాడు. ఆ నకళ్లు లేకపోతే మన గ్రామాల చరిత్రలో ఎంతో భాగం దక్కేది కాదు. నకలు తీయించే పనికి జీతం ఇచ్చి మనిషిని పెట్టాలని వాళ్లకు తోచింది.

నకలు ఉంటే చాలా? చాలదు, నకలు పనిచేస్తుందని తెలియాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజినీరు అలసటలో వేరే సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీదే డేటా చెరిపేశాడు. ఫరవాలేదు, బ్యాకప్ పద్ధతులు ఒకటి కాదు ఐదున్నాయి అనుకున్నారు. తీరా చూస్తే ఐదింటిలో ఏ ఒక్కటీ సరిగా పనిచేయడం లేదు. అంతకు ఆరు గంటల ముందు, వేరే పని కోసం, యాదృచ్ఛికంగా తీసిన ఒక ప్రతి ఉండబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో మరీ అన్యాయం, బ్యాకప్ ప్రోగ్రామే లోపంతో 77 టెరాబైట్ల పరిశోధన ఫైళ్లను తుడిచేసింది. మన దగ్గర బ్యాకప్ ఉందా అని అడిగితే ప్రతి ఆఫీసూ ఉందనే చెబుతుంది. ఆఖరిసారి దాన్ని వేరే యంత్రంలో ఎక్కించి, ఒక ఫైలు తెరిచి చూసింది ఎప్పుడు అని అడిగితే జవాబు రాదు.

ప్రతి పనిచేసిన సందర్భం మన దగ్గరే ఉంది. 2019 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. నెల్లూరుకు కరెంటిచ్చే, తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం కూడా అందులో ఉంది. కొన్ని రోజులు ఆన్‌లైన్ బిల్లులు ఆగాయి. విడిగా ప్రతి ఉన్నందువల్ల వినియోగదారుల డేటా పోలేదని అధికారులు అప్పట్లో ప్రకటించారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌కు అదే దెబ్బ తగిలినప్పుడు డాక్టర్లు దాదాపు రెండు వారాలు చేతిరాతతో ఓపీ నడిపారు, దాడి తగలని సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ డేటాను తిరిగి ఎక్కించుకున్నారు. ఈ రకం దాడుల్లో ముందు బ్యాకప్‌నే వెతికి పాడుచేస్తారు కాబట్టి, ఒక ప్రతి వైరు ఊడదీసి ఉండాల్సిందే.

ప్రతి ఎంత దూరంలో ఉండాలి అన్నది నెల్లూరు కోస్తాకు ప్రత్యేకమైన ప్రశ్న. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో అన్న 3-2-1 సూత్రాన్ని అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చాడు. వేరే ఊరంటే ఎంత వేరు? 1984 నవంబరు తుపాను శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. 1989 నవంబరుది కావలి దగ్గర. 2015లో నవంబరు మధ్యలో నెల్లూరు మునిగింది, పక్షం రోజుల్లో చెన్నై మునిగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ మొదట చెన్నైని ముంచి, నెల్లూరు తీరం వెంబడి పైకి పాకి బాపట్ల దగ్గర గట్టెక్కింది. ఒక్క తుపాను మూడు నాలుగు ఊళ్లను వరుసగా పలకరించే తీరమిది. కాబట్టి నెల్లూరు సర్వర్‌కు రెండో ప్రతి చెన్నైలోనో ఒంగోలులోనో ఉందంటే లెక్క పూర్తికానట్టే. విశాఖ దూరమే గానీ అదీ ఇదే బంగాళాఖాతం ఒడ్డు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఆ ఊరు మరచిపోలేదు. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ 1,500 కోట్ల డాలర్ల డేటా కేంద్రం ప్రకటించింది. మంచిదే, కానీ గూగుల్ తన డేటాకు అనేక చోట్ల ప్రతులు పెట్టుకుంటుంది. జిల్లా ఆఫీసు డేటాకు ఆ ఏర్పాటు దానంతట అది రాదు. నా మాటకొస్తే రెండో ప్రతికి అనంతపురమో కర్నూలో హైదరాబాదో తగిన చోటు, తుపాను చేరేలోపు బలం ఉడిగిపోయేంత లోపలికి.

చిన్నవాళ్ల సంగతీ చెప్పుకోవాలి. ఈ తీరమంతా రొయ్యల చెరువులు, హేచరీలు, మేత డీలర్లు. విదేశీ కొనుగోలుదారు ఇప్పుడు రొయ్య ఏ చెరువుదో, ఏ మేత తిన్నదో, యాంటీబయాటిక్ పరీక్ష ఏం చెప్పిందో అడుగుతాడు. ఆ చిట్టా తరచుగా బల్ల కింద పెట్టిన ఒక చిన్న డబ్బాలో ఉంటుంది, పైన నీళ్ల సీసా. వీళ్లకు పెద్ద వ్యవస్థలు అక్కర్లేదు. రెండు బయటి డిస్కులు కొని, వారం మార్చి వారం ఒకటి అత్తగారి ఊరు పంపించినా నష్టంలో ఎక్కువ భాగం తప్పుతుంది. ఆ ఊరు ఉదయగిరి వైపైతే మరీ మంచిది.

చట్టం నెమ్మదిగా దారిలోకి వస్తోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిర్వచనంలో డేటా ఉల్లంఘనంటే దొంగిలించడం ఒక్కటే కాదు, డేటా నాశనమవడం, అందుబాటులో లేకుండా పోవడం కూడా. 2025 నవంబరులో నోటిఫై అయిన నిబంధనలు బ్యాకప్‌ను పేరు పెట్టి ప్రస్తావించాయి. భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లవచ్చు. ప్రభుత్వ సంస్థలకు ఆ చట్టంలో మినహాయింపులు ఉదారంగానే ఉన్నాయి. పౌరుడి భూమి కాగితం మాత్రం ప్రభుత్వ సర్వర్‌లోనే ఉంది.

నకలుకు కోర్టు కోణం కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టులోంచి ఒక కేసు సాక్ష్యాల సంచి చోరీ అయి, బయట కాలువలో దొరికింది. హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. సంచిలోని సాక్ష్యానికే ఆ గతి పడితే, డిజిటల్ సాక్ష్యం మారలేదని చూపించడం ఇంకా అవసరం. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ రికార్డు ధ్రువపత్రంలో హ్యాష్ విలువ రాయమంటోంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య అది. సర్వర్ చెడ్డ రోజున డిస్కు నకలు తీసి, హ్యాష్ రాసి, ఇద్దరు సంతకం పెడితే, తర్వాత దక్కిన డేటా అసలుదేనా అన్న వాదనకు తావుండదు. ఈ పని చేయకుండా రీబిల్డ్ నొక్కినచోట, దక్కిన రికార్డును కూడా ప్రశ్నించవచ్చు.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు మధ్యలో వస్తాయి. సెప్టెంబరు ఆఖరున కలెక్టర్లు ఎలాగూ తుపాను సన్నాహక సమావేశం పెడతారు. ఆ అజెండాలో మూడు అంశాలు చేర్చమని అడుగుతున్నాను. మొదటిది, జిల్లాలో ఒక మండలాన్ని చీటీ తీసి ఎంచుకోవాలి, ఆ మండలం రెవెన్యూ, ఆసుపత్రి, రిజిస్ట్రేషన్ డేటాను బయటి ఊళ్లో ఉన్న ప్రతి నుంచే కొత్త యంత్రంలోకి ఎక్కించాలి, ఎన్ని గంటలు పట్టింది, ఏ తేదీ దాకా డేటా దక్కింది అన్న రెండు అంకెలు నోటీసు బోర్డు మీద పెట్టాలి. రెండోది, సర్వర్ చెడితే ‘ఆపండి’ అనే అధికారం ఫలానా ఉద్యోగిదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి, ఆ మాటన్నందుకు అతని మీద చర్య ఉండదని కూడా అందులోనే రాయాలి. మూడోది టెండరు షరతు. ఇప్పుడు సర్వర్ బిగించి లైట్లు వెలగగానే ఏజెన్సీ బిల్లు పెడుతుంది. ఆఖరి పది శాతం మాత్రం, అనంతపురంలో ఉన్న ప్రతిని నెల్లూరులో ఒకసారి తెరిచి చూపించాకే చెల్లించాలి.